మన జిల్లా బిడ్డ పుచ్చలపల్లి సుందరయ్య గారు – ఒక గుమాస్తా చెప్పుకునే మాట



మన సంఘం ప్రత్యేక సంచికకు జిల్లా పెద్దల గురించి తలా ఒక వ్యాసం రాయాలని కార్యవర్గం తీర్మానించినప్పుడు, పుచ్చలపల్లి సుందరయ్య గారిని నా వంతుకు నేనే అడిగి తీసుకున్నాను. మన సంఘం ఏ పార్టీకీ చెందినది కాదు. నేనూ ఏ పార్టీలోనూ సభ్యుణ్ణి కాను. ముప్పై ఆరేళ్ళు రెవెన్యూ శాఖలో కాగితాలు రాసి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. సుందరయ్య గారిని నేను దగ్గరగా చూసిందీ లేదు, మాట్లాడిందీ లేదు. ఆయన రాసినవి, ఆయన గురించి తెలిసినవాళ్ళు రాసినవి చదివి, నాకు అర్థమైనంత వరకు చెబుతున్నాను. ఆయన గురించే రాయాలని ఎందుకు పట్టుబట్టానో చివరిదాకా ఓపికగా చదివితే మీకే తెలుస్తుంది.

అలగానిపాడు

మన కోవూరు తాలూకాలో, ఇప్పటి విడవలూరు మండలంలో, అలగానిపాడు అనే ఊరుంది. పెన్న నీళ్ళు పారే మాగాణి, దానికి తూర్పున సముద్రం. ఆ ఊళ్ళో 1913 మే 1వ తేదీన సుందరయ్య గారు పుట్టారు. ప్రపంచమంతా కార్మికుల పండుగ జరుపుకునే రోజే ఆయన పుట్టినరోజు కావడం కాకతాళీయమే అయినా, తెలిసినవాళ్ళు ఆ మాట చెప్పకుండా ఉండరు. కలిగిన రైతు కుటుంబం. తండ్రి వెంకట్రామిరెడ్డి గారు, తల్లి శేషమ్మ గారు. ఆయనకు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఊహ తెలిశాక పేరు చివరి కులాన్ని తానే తీసేసుకుని సుందరయ్య అయ్యారు. ఆరేళ్ళ వయసుకే తండ్రి పోయారు.

చదువు కోసం ఊరు విడిచి, చివరికి మద్రాసు చేరి, లయోలా కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతుండగా 1930 వచ్చింది. గాంధీగారు ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టారు. మన జిల్లాకు అది కొత్త గాలి కాదు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921లోనే గాంధీగారి చేతుల మీదుగా ఆశ్రమం మొదలైంది. పదిహేడేళ్ళ సుందరయ్య చదువు వదిలి ఉద్యమంలోకి వెళ్ళి అరెస్టయ్యారు. వయసు చాలదు గనుక పెద్దవాళ్ళ జైలుకు కాకుండా తంజావూరు బోర్‌స్టల్ స్కూలుకు పంపారు. కమ్యూనిస్టు భావాలున్నవాళ్ళతో ఆయనకు మొదటి పరిచయం అక్కడే. తెల్లవాడు దేశం విడిచిపోతే ఊళ్ళో పాలేరు బతుకు మారుతుందా అన్న ప్రశ్న ఆయన మనసులో నాటుకుంది. ఆ ప్రశ్నే ఆయన్ని జీవితాంతం నడిపించిందని నా నమ్మకం.

విడుదలయ్యాక సొంత ఊరికి వచ్చి వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టారు. వెట్టికి వ్యతిరేకంగా, కూలి రేట్ల కోసం వాళ్ళను కూడగట్టారు. ఆలోచించి చూడండి. మార్క్సు రాసింది ఐరోపాలోని ఫ్యాక్టరీ కార్మికుల గురించి. మన కోవూరు డెల్టాలో ఆనాడు ఫ్యాక్టరీ ఎక్కడ? ఉన్నది కయ్యలు, గట్లు, పెద్ద రైతు ఇళ్ళు, ఊరి బయట పేటలు. ఆ పేటల్లో ఉండేవాడే మన దేశపు కార్మికుడని ఆ కుర్రవాడు గుర్తించాడు. పైగా తన సొంత కుటుంబం ఏ వర్గంలో ఉందో ఆ వర్గానికి ఎదురుగా నిలబడి ఈ పని చేశాడు. పరాయి ఊళ్ళో విప్లవం మాట్లాడటం సులువు. సొంత ఊళ్ళో, మన వాళ్ళందరూ చూస్తుండగా, మన ఇంటి పాలేరు పక్షాన మాట్లాడటం ఎంత కష్టమో పల్లెల్లో పుట్టినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

దక్షిణాదికంతా ఒక మనిషి

మద్రాసులో ఆయనకు గురువు దొరికారు. పేరు అమీర్ హైదర్ ఖాన్. రావల్పిండి ప్రాంతంవాడు. ఓడల్లో నావికుడుగా ప్రపంచం తిరిగి, మాస్కోలో చదువుకుని వచ్చినవాడు. మీరట్ కుట్ర కేసులో పోలీసులు వెతుకుతుంటే తప్పించుకుని మద్రాసు చేరి పార్టీ నిర్మాణం మొదలుపెట్టాడు. 1932లో ఆయన అరెస్టు కావడంతో ఆ భారం ఇరవై ఏళ్ళు నిండని సుందరయ్య గారి మీద పడింది. 1934 నాటికి పార్టీ కేంద్ర కమిటీలోకి తీసుకున్నారు. కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్, పి. కృష్ణపిళ్ళై వంటి వారిని పార్టీలోకి తేవడంలో ఆయనదే ముఖ్య పాత్ర. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ తొలి నిర్మాతల్లోనూ ఆయన ఒకరు.

1943లో లీలమ్మ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆమె బొంబాయి పార్టీ కార్యాలయంలో పనిచేస్తుండేవారు. ఉద్యమంలో ఉన్నవాళ్ళం, పిల్లలు వద్దని దంపతులిద్దరూ నిర్ణయించుకున్నారు. తన వాటాకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. మనలాంటి వాళ్ళం గ్రాట్యుటీ డబ్బులు ఏ బ్యాంకులో వేస్తే ఒక అర్థ రూపాయి ఎక్కువ వస్తుందో పదిమందిని అడుగుతాం. అది తప్పని నేను అనను, పిల్లలూ జబ్బులూ ఉన్నవాళ్ళం. కాని ముప్పై ఏళ్ళ వయసులోనే తన వెనక ఆస్తీ లేకుండా, వారసులూ లేకుండా చేసుకున్న మనిషికి ఎంత ధైర్యం ఉండాలో ఈ వయసులో నాకు ఇంకా బాగా అర్థమవుతోంది.

ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారిని నెల్లూరులో రామ్ డాక్టరు గారంటే తెలియనివారు లేరు. ప్రజావైద్యశాల ద్వారా పేదలకు తక్కువ ఖర్చులో వైద్యం అందించారు. మన సభ్యుల్లో ఎంతోమంది అక్కడ చూపించుకున్నవారే.

తెలంగాణా పోరాటం

సుందరయ్య గారి పేరు దేశమంతా తెలిసింది తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటంతో. 1946లో నైజాం సంస్థానంలో దేశ్‌ముఖుల వెట్టికి, బేదఖళ్ళకు వ్యతిరేకంగా మొదలైన ఆ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. 1948 నుంచి 1952 వరకు ఆయన అజ్ఞాతంలో ఉన్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు, 1972లో, వీర తెలంగాణా పోరాటంపైనా దాని గుణపాఠాలపైనా పెద్ద గ్రంథం వెలువరించారు. అందులో ఆయన లెక్క కట్టి చెప్పిన దాని ప్రకారం, నల్లగొండ, వరంగల్, ఖమ్మం జిల్లాల్లోనే ఎక్కువగా, సుమారు 3,000 గ్రామాల్లో ప్రజలు సొంతంగా గ్రామ పాలన నడుపుకున్నారు. సుమారు 10 లక్షల ఎకరాలు పేదలకు పంచారు. దాదాపు 4,000 మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పదివేల మందికి పైగా జైళ్ళలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక కూడా పోరాటం కొనసాగించడం సరైనదేనా అన్న ప్రశ్న ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. రావి నారాయణరెడ్డి గారి వంటి ఆ పోరాట నాయకులే ఆపాలన్నారు. పేదలకు దక్కిన భూమి మళ్ళీ పోకుండా కాపాడుకోవాలంటే కొనసాగించక తప్పదని సుందరయ్య గారు భావించారు. ఎవరిది ఒప్పో తేల్చగలవాణ్ణి నేను కాను. ఆ మూడేళ్ళలో పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు. వాటి బరువు ఆయన మోయలేదని ఆ గ్రంథం చదివినవాళ్ళెవరూ అనలేరు. ఊరు ఊరునా ఎవరు పోయారో, ఏం జరిగిందో ఓపికగా రాసుకుంటూ పోయారు. వచ్చిన గెలుపుతో పాటు చేసిన పొరపాట్లనూ లెక్కలోకి తీసుకున్నారు.

ఇంకో మాట. తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం ఉండాలని 1946లోనే విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకం రాశారు. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రం వచ్చింది. 2014 జూన్ 2న రెండుగా విడిపోయింది కూడా. సొంత భాషలో పాలన జరిగితే తప్ప సామాన్యుడికి ప్రభుత్వం అర్థం కాదన్న ఆయన వాదనలోని బలం మాత్రం, ఇంగ్లీషులో టైపు చేసిన నోటీసు పట్టుకుని మన బల్లల ముందు నిలబడిన రైతులను చూసిన మనకు తెలుసు.

సైకిలు మీద పార్లమెంటుకు

1952లో రాజ్యసభకు ఎన్నికై కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడయ్యారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారన్న సంగతి మీలో చాలామంది విన్నదే. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారని దేశమంతా అనుకుంటే 196 స్థానాల్లో వచ్చినవి 15. ఆ ఓటమిలోనూ ఆయన గన్నవరం నుంచి గెలిచారు. శాసనసభలో నీటిపారుదల మీద గాని, భూమి మీద గాని మాట్లాడితే అంకెలు లేకుండా మాట్లాడేవారు కాదని పేరు.

1964లో పార్టీ చీలింది. ఆ ఏడాది జులైలో మన తెనాలిలో జరిగిన సమావేశం, తర్వాత కలకత్తా మహాసభ దానికి గుర్తులు. కొత్తగా ఏర్పడిన మార్క్సిస్టు పార్టీకి సుందరయ్య గారు మొదటి ప్రధాన కార్యదర్శి. ఆ వెంటనే జైలు. 1966లో గాని బయటకు రాలేదు. చీలిక తప్పొప్పుల చర్చలోకి నేను పోను. నన్ను ఆకర్షించింది ఆ తర్వాత ఆయన చేసిన ఒక పని.

ఇంటింటికీ తిరిగిన లెక్క

1974లో ఆయన ఆధ్వర్యంలో అప్పటి గుంటూరు జిల్లాలోని అనంతవరం గ్రామంలో ఇంటింటి సర్వే జరిగింది. గ్రామాల్లో రైతాంగం ఎన్ని తరగతులుగా విడిపోయిందో తేల్చడం దాని ఉద్దేశం. ఆ ఫలితాలు 1977లో సోషల్ సైంటిస్ట్ అనే ఇంగ్లీషు పత్రికలో వచ్చాయి. ఒక అఖిల భారత పార్టీ నాయకుడికి, అరవై ఏళ్ళ మనిషికి, ఒక పల్లెలో ఎవరికి ఎంత కయ్య ఉందో లెక్క వేయాల్సిన అవసరమేమిటి?

రెవెన్యూలో పనిచేసినవాడిగా నాకు తోచింది చెబుతాను. మన అడంగల్‌లో పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు ఉంటాయి. అది భూమికి సంబంధించిన లెక్క, మనిషికి సంబంధించినది కాదు. ఐదెకరాల పట్టా ఉన్న ఇద్దరిలో ఒకడు తానే గొర్రు పట్టి దున్నుకుంటాడు, ఇంకొకడు టౌనులో ఉండి కౌలు తీసుకుంటాడు. రికార్డులో ఇద్దరూ ఒకటే. సర్వే అడిగింది వేరు. ఈ ఇంట్లో వాళ్ళు తమ పొలంలో తాము పనిచేస్తారా? కూలీలను పెట్టుకుంటారా? తామే కూలికి పోతారా? ఎంత కౌలుకు తీసుకున్నారు, ఎంత ఇచ్చారు? ఆ జవాబులను బట్టి భూస్వామి, ధనిక రైతు, మధ్యతరగతి రైతు, పేద రైతు, వ్యవసాయ కూలీ అని వర్గీకరణ. పుస్తకంలో చదివిన వర్గాలు మన ఊళ్ళో నిజంగా ఉన్నాయా, ఉంటే ఎంతమంది అని తేల్చుకోవడానికి గడపగడపకూ వెళ్ళారు.

నా సంగతి

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోవాలి. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మాది బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య ఒక చిన్న ఊరు. మా నాయన ఒక పెద్ద రైతు ఇంట్లో పాలేరు. సంవత్సరానికి ఇన్ని పుట్లు ధాన్యమని జీతం. సెంటు భూమి లేదు. నన్ను హైస్కూలు చదివించడానికి ఆ పెద్దింటివాళ్ళే ఫీజు కట్టారు. ఆ మేలు నేను కాదనను. 1972లో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది.

1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి రకాన్ని బట్టి ఒక కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. అంతకు మించి ఉన్నవాళ్ళు డిక్లరేషన్లు ఇవ్వాలి. ఆ డిక్లరేషన్లు చూసే ఒక కార్యాలయంలో నన్ను డెప్యుటేషన్ మీద వేశారు. కట్టలు కట్టలుగా కాగితాలు. సాపు రాసి, పట్టికలు వేసి, పైకి పెట్టడం నా పని.

ఒకరోజు మధ్యాహ్నం నా బల్ల మీదికి మా ఊరి పెద్దింటివారి డిక్లరేషన్ వచ్చింది. చట్టం రాక ముందే తాము అమ్మేశామని చూపించిన భూముల జాబితాలో రెండెకరాల మాగాణి ఉంది. కొన్నవాడి పేరు మా నాయనది. ఇంటిపేరుతో సహా.

ఆ రాత్రి బస్సెక్కి ఊరికి పోయి నాయనను అడిగాను. ఏదో కాగితం మీద వేలిముద్ర వేయమంటే వేశానని, ఆ పూట ఆ ఇంట్లోనే భోజనం పెట్టారని చెప్పాడు. భూమి సంగతి ఆయనకు తెలియదు. తెలిసినా ఏమీ అడిగి ఉండడు. ఆ కయ్యలో ఆయన ఇరవై ఏళ్ళు నాట్లు వేయించాడు, నీళ్ళు కట్టాడు, కుప్ప నూర్పించాడు. అది తనదని కాగితంలో ఉన్నన్నాళ్ళూ ఆయన జీతగాడే.

మర్నాడు నేను ఆఫీసుకు వచ్చి ఏం చేశాననుకుంటున్నారు? సాపు రాశాను. అక్షరాలు ఎప్పటికంటే గుండ్రంగా వచ్చాయి. ఫైలు మీద ఒక చిన్న నోటు పెట్టి ఉండవచ్చు, కొన్నవాణ్ణి విచారించాలని. పెట్టలేదు. నా ఫీజు కట్టిన ఇల్లు, నాయన పని చేసుకునే ఇల్లు, నా ప్రొబేషన్, ఇవన్నీ కళ్ళ ముందు ఆడాయి. ఆ జాబితాను ఆమోదించారు. కొన్నేళ్ళకు నాయన చేత ఇంకో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఆ రెండెకరాలు వాళ్ళ బంధువు పేరు మీదికి మార్చుకున్నారు. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాది.

దాదాపు ఆ రోజుల్లోనే, ఎమర్జెన్సీ నడుస్తుండగా, అజ్ఞాతంలో ఉన్న సుందరయ్య గారు తన పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికి, పొలిట్‌బ్యూరో సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. ఎమర్జెన్సీకి వ్యతిరేకంగా జనసంఘ్ వంటి పక్షాలతో కలిసి పనిచేయాలని మెజారిటీ నిర్ణయిస్తే ఆయనకు అది సమ్మతం కాలేదు. పార్టీ నిర్మాణం నడుస్తున్న తీరు మీద కూడా అభ్యంతరాలున్నాయి. కారణాలు వివరంగా రాసి ఇచ్చి పదవి వదిలేశారు. అలిగి బయటికి పోలేదు, వేరే పార్టీ పెట్టలేదు. మామూలుగా రాష్ట్రంలో పనిచేసుకుంటూ 1978లో మళ్ళీ గన్నవరం నుంచి శాసనసభకు ఎన్నికై 1983 వరకు ఉన్నారు. ఆయన అభిప్రాయంతో మీరు ఏకీభవించనక్కరలేదు. దేశంలోనే పెద్ద పదవిని ఒక మనిషి తన లెక్క సరిపోలేదని వదులుకున్న కాలంలో, నేను నాలుగు పంక్తుల నోటు రాయలేకపోయాను. అందుకే ఆయన గురించి రాయడం నాకు బాకీ.

అనంతవరం సర్వే సంగతి నాకు అప్పుడు తెలియదు. పదవీ విరమణ తర్వాత, విశ్వవిద్యాలయంలో చదువుతున్న నా మనవరాలు ఇంటికి తెచ్చిన కాగితాల్లో చూశాను. చదువుతుంటే చెయ్యి వణికింది. అలాంటి సర్వే మా ఊళ్ళో జరిగి ఉంటే, మా గడపలోకి వచ్చి ఎవరి పొలంలో పనిచేస్తావని అడిగి ఉంటే, మా నాయన నిజమే చెప్పి ఉండేవాడు. ఆయన్ని కూలీల వరసలో రాసి ఉండేవారు. నేను సాపు రాసిన పట్టికలో ఆయన రెండెకరాల ఆసామి.

వేరే దేశాల్లో ఇలాంటివాళ్ళు

మనవరాలు చెబితే తెలిసింది, తెల్లవాళ్ళ ఏలుబడిలో నలిగిన ఇతర దేశాల్లోనూ ఇలాంటి మనుషులున్నారని. పశ్చిమ ఆఫ్రికాలో పోర్చుగీసు గినీ అనే వలస ఉండేది. అక్కడ అమిల్కార్ కబ్రాల్ అనే ఆయన వ్యవసాయ శాస్త్రవేత్త. మనలాగే ప్రభుత్వోద్యోగి. 1953లో ప్రభుత్వం తరఫున వ్యవసాయ గణన చేస్తూ దేశమంతా తిరిగి, ఏ తెగ ఏం పండిస్తుందో, ఎవరి చేతిలో ఏముందో తెలుసుకున్నాడు. తర్వాత స్వాతంత్ర్య పోరాటం నడిపినప్పుడు ఆ ఎరుకే అక్కరకు వచ్చింది. 1973 జనవరిలో ఆయన్ని హత్య చేశారు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో హోసే కార్లోస్ మరియాతెగి అనే రచయిత, అక్కడి ఆదివాసుల సమస్యకు మూలం జాతి కాదు, భూమి అని 1928లో అచ్చయిన పుస్తకంలో వాదించాడు. మన పక్కన మలబారులో ఇ.ఎం.ఎస్. గారు కౌలుదారీ విచారణ సంఘంలో సభ్యుడుగా ఉండి, మిగతావారితో విభేదిస్తూ జన్మిల వ్యవస్థ మీద ప్రత్యేక నోటు రాశారు. వీళ్ళెవరూ మార్క్సు పుస్తకాన్ని తమ దేశం మీద పెట్టి అచ్చు గుద్దలేదు. తమ నేల మీద ఎవరు దున్నుతున్నారు, ఎవరు తింటున్నారని ముందు చూశారు. మన అలగానిపాడు సుందరయ్య గారు ఆ వరసలోని మనిషి.

ఇప్పటి సంగతి

సుందరయ్య గారు 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరిట విజ్ఞాన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. విప్లవ పథంలో నా పయనం అనే ఆయన ఆత్మకథ తెలుగులో దొరుకుతుంది. 2005–06లో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ పరిశోధకులు అదే అనంతవరానికి వెళ్ళి మళ్ళీ సర్వే చేశారు. ముప్పై ఏళ్ళలో ఊరు ఎలా మారిందో చూడటానికి ఆయన వేసిన లెక్కే వాళ్ళకు ఆధారమైంది. మంచి లెక్క చేసినవాడి తర్వాత కూడా పనిచేస్తుంది.

మా ఊరి కయ్యల్లో ఇప్పుడు చాలావరకు రొయ్యల గుంటలు. వరి ఉన్న చోట దున్నేది కౌలు రైతు. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులని, 2019లో పంట సాగుదార్ల హక్కులని చట్టాలు వచ్చాయి. అయినా పట్టాదారు ఒప్పుకోనిదే కౌలుదారు పేరు కాగితంలోకి రావడం కష్టమేనని మనకు తెలుసు. తుఫాను వచ్చి పంట పోతే పరిహారం ఎవరి పేరున వస్తుందో కూడా తెలుసు. కాగితానికీ కయ్యకూ మధ్య ఉన్న ఆ దూరం, 1975లో నా బల్ల మీద ఉన్న దూరమే.

ఆ రెండెకరాలు మిగులు భూమిగా ప్రభుత్వానికి వచ్చి ఉంటే మా పేటలో ఒక కుటుంబానికి పట్టా వచ్చి ఉండేది. ఆ కుటుంబం ఏదో నాకు తెలియదు. మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ సంగతి మొన్న మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల నన్ను నిందించలేదు. రాసి పెట్టు తాతయ్యా అని మాత్రం అంది.

అందుకే రాశాను. మన సంఘంలో సర్వే, రెవెన్యూ, రిజిస్ట్రేషన్, సహకార శాఖల్లో పనిచేసినవారు ఎంతోమంది ఉన్నారు. మన చేతుల మీదుగా పోయిన కాగితాల్లో ఏది నిజమో, ఏది కాదో మనకంటే ఎక్కువ తెలిసినవారు లేరు. ఈ వయసులో మనల్ని ఎవరూ బదిలీ చేయలేరు, ఇంక్రిమెంటు ఆపలేరు. తెలిసింది తెలిసినట్టు రాసి ఈ పత్రికకు పంపితే మన పిల్లలకు పనికివస్తుంది.

సెలవు.

ఇట్లు,
మీ సహ పెన్షనర్,
విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, రెవెన్యూ శాఖ, నెల్లూరు